రాత్రి రెండింటికి వెతుక్కునే ఫైలు

(యువ డెవలపర్ల కోసం ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? ఒకసారి చెయ్యెత్తండి. సరే, బాగుంది.

నన్ను పిలిచినవాళ్ళు "మీ దగ్గరున్న స్నిప్పెట్లు చూపించండి చాలు, పెద్ద ఉపన్యాసం వద్దు" అన్నారు. నాకూ అదే సుఖం. మళ్ళీ వాడుకోడానికి దాచుకున్న ఆ చిన్న చిన్న కోడ్ ముక్కలన్నీ ఉన్న ఫైలు ఒకటి నా దగ్గరుంది. మామూలు టెక్స్ట్ ఫైలు, రంగూ రుచీ లేదు. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. ఉద్యోగాలు మారాయి, ల్యాప్‌టాప్‌లు పోయాయి, ఆ ఫైలు మాత్రం నాతోనే వస్తోంది. ముందే చెప్పేస్తున్నా, అందులో ఆఫీసు కోడ్ ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు. ఆ రెండూ పెట్టుకున్న ఫైలుని వెంట తీసుకుపోకూడదు, వాటి జోలికే వెళ్ళకండి.

మొదట్లో నేనూ అందరిలాగే రాసుకున్నాను. "సీఎస్‌వీ రాయడం", "స్ట్రింగ్ ఫంక్షన్లు", "డేటాబేస్ కనెక్షన్" అని శీర్షికలు. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన పట్టిక ఫైలు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. అవసరానికి మాత్రం ఏదీ దొరికేది కాదు, అటక మీద పడేసిన సామాన్లలాగా. ఎందుకంటే, సమస్య వచ్చినప్పుడు అది సీఎస్‌వీ సమస్యో, స్ట్రింగ్ సమస్యో మనకి తెలియదు కదా. తెలిస్తే అసలు ఫైలు తెరవం. మనకి తెలిసేది కంటికి కనపడేది ఒక్కటే. డాక్టరు దగ్గరకి వెళ్ళి మనం జబ్బు పేరు చెప్పం, "కడుపులో మంటగా ఉందండీ" అంటాం. పేరు పెట్టడం ఆయన పని.

అందుకని శీర్షికలన్నీ మార్చేశాను. ఇప్పుడు నా ఫైలులో "ఎక్సెల్‌లో పేర్లు పిచ్చిగీతల్లా వచ్చాయి", "ఉన్న కాలమ్‌నే లేదంటోంది", "ఒత్తు ఊడి పక్కన పడింది" ఇలా ఉంటాయి. రాత్రి రెండింటికి, క్లయింటు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, మీ నోటంట ఏ మాట వస్తుందో ఆ మాటే శీర్షిక. తెలుగులో తిట్టుకుంటే తెలుగులోనే రాయండి. వెతికేది మీరే కదా.

ఇవాళ ఆ ఫైలులో తెలుగు అక్షరాలకి సంబంధించిన పేజీలే చూపిస్తాను. గిట్ కమాండ్లూ డాకర్ కమాండ్లూ ఎవరైనా చెబుతారు, ఏఐని అడిగినా క్షణంలో ఇస్తుంది. తెలుగు విషయంలో కూడా ఇస్తుంది, కాదనను. కాకపోతే అది ఇచ్చిన కోడ్‌ని మీరు "టెస్ట్", "ఏబీసీ" అని ఇంగ్లీషులో కొట్టి చూసి, పని చేసింది అని వెళ్ళిపోతారు. అక్కడ తేడా వస్తుంది.

నా మొదటి దెబ్బ చెప్తాను. పార్సిళ్ళ మీద అంటించే లేబుల్ ప్రింట్ చేసే ప్రోగ్రాం ఒకటి రాశాను. ఎవరికి రాశానో అడక్కండి. లేబుల్ మీద పేరుకి చోటు తక్కువ, అందుకని మొదటి ఎనిమిది అక్షరాలు తీసుకోమని రాశాను. పైథాన్‌లో ఎంత తేలికో మీకు తెలుసు, పేరు పక్కన చదరపు బ్రాకెట్లో కోలన్ ఎనిమిది. అయిపోయింది.

వెంకటేశ్వర్లు గారికి ఒక పార్సిల్ వచ్చింది. ఇప్పుడు ఈ పేరుని మెషీన్ ఎలా చూస్తుందో నాతోపాటు లెక్కపెట్టండి. వ, ఎత్వం, సున్నా, క, ట, ఏత్వం, శ, పొల్లు. ఎనిమిది అయ్యాయి. కోసేయ్. ఏమొచ్చింది?

(సభలోంచి: "వెంకటేశ్!")

అదీ. చెత్త వచ్చి ఉంటే ఎవరో ఒకరు చూసి ఫోన్ చేసేవారు. వచ్చింది శుభ్రమైన ఇంకో మనిషి పేరు. ఆ వీధిలో ఒక వెంకటేశ్ కూడా ఉన్నాడు. పార్సిల్ ఆయనింటికి వెళ్ళింది. లోపల ఆవకాయ జాడీ. తిరిగి అసలు మనిషికి చేరేసరికి కొంచెం వెలితి పడిందట, ఆయన చెప్పి నవ్వాడు కాబట్టి సరిపోయింది. మందులైతే?

రెండో తరగతి పిల్లాడిని అడిగితే వెంకటేశ్వర్లు ఐదు అక్షరాలంటాడు. వెం, క, టే, శ్వ, ర్లు. పైథాన్ 13 అంటుంది. జావాస్క్రిప్ట్ కూడా 13. గో భాషలో లెన్ అడిగితే 39 అంటుంది, అది బైట్లు లెక్కపెడుతుంది. గుర్తుల్ని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8, అందులో ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరు లెక్కపెట్టేది వాళ్ళు లెక్కపెడుతున్నారు. ప్రపంచంలోని లిపుల గుర్తులకి నంబర్లిచ్చే పట్టిక యూనికోడ్. దాంట్లో తెలుగుకి ఇచ్చిన చోటు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, మొత్తం 128 గడులు. అందులో ఒత్తులకి విడిగా గడులు లేవు. వ ఒత్తు అంటే పొల్లు, దాని వెనక వ. అంతే. గుణింతాలు కూడా విడి గుర్తులే. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే ఇవాళ చెప్పబోయేదాంట్లో సగం మీరే చెప్పగలరు.

మరి కోయడం ఎలా? జావాస్క్రిప్ట్‌లో అయితే ఇంటల్ డాట్ సెగ్మెంటర్ ఉంది. ఇంటర్నేషనల్‌కి పొట్టి పేరు ఇంటల్. దానికి భాష తెలుగు అనీ, గ్రాన్యులారిటీ గ్రాఫీమ్ అనీ ఇస్తే అక్షరాలుగా విడదీసి ఇస్తుంది. క్రోమ్‌లో 2020 నుంచి ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో 2024లో వచ్చింది. పైథాన్‌లో టెక్స్ట్‌లో నమూనాలు వెతికే మామూలు ఆర్‌ఈ మాడ్యూల్ చాలదు, రెజెక్స్ అని విడిగా ప్యాకేజీ దొరుకుతుంది. అందులో బ్యాక్‌స్లాష్, పెద్ద ఎక్స్ అని రాస్తే ఒక అక్షరాన్ని పట్టుకుంటుంది.

ఇక్కడ నా నోట్సులో ఎర్ర గీత ఒకటుంది. "స్త్రీ" ఇచ్చి చూడు అని. పాత యూనికోడ్ రూల్సులో స్, త్, రీ అని మూడు ముక్కలవుతుంది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి ఇలాంటి సంయుక్తాక్షరాలని ఒక్కటిగా ఉంచమని రూల్ మారింది, తెలుగు ఆ జాబితాలో ఉంది. అంటే అదే కోడు, సర్వర్ మీద మూడు అనీ, మీ ల్యాప్‌టాప్ మీద ఒకటి అనీ చెప్పవచ్చు. అందుకే స్నిప్పెట్ కింద తేదీ, వెర్షన్ రాసుకోవాలి. నేను మొదట్లో రాయలేదు, దాంతో ఒక శనివారం మొత్తం పోయింది.

లైబ్రరీ పెట్టుకోవడం కుదరనప్పుడు చేత్తో రాసుకున్న ఐదు లైన్లున్నాయి. తెర మీద చూడండి. కోయాలనుకున్న చోటుకి ముందున్న గుర్తు పొల్లు అయినా, తర్వాత వచ్చే గుర్తు పొల్లు, సున్నా, గుణింతం లాంటిదైనా, ఒక అడుగు వెనక్కి జరుగు. రెండూ కానంతవరకు జరుగుతూనే ఉండు. మన వెంకటేశ్వర్లుని ఎనిమిది దగ్గర పెట్టండి. ముందు పొల్లు ఉంది, వెనక్కి. ఏడు దగ్గర, తర్వాతది పొల్లు, మళ్ళీ వెనక్కి. ఆరు దగ్గర ఆగుతుంది. "వెంకటే", పక్కన మూడు చుక్కలు. చూడగానే కోసిన పేరని తెలిసిపోతుంది. కోసినట్టు తెలియడమే కావాలి మనకి.

ఇదే జబ్బుకి చిన్న రూపం, ప్రొఫైల్ బొమ్మ లేనివాళ్ళకి గుండ్రని వలయంలో పేరులో మొదటి అక్షరం వేస్తాం చూడండి, అది. కృష్ణ, క్రాంతి, కీర్తి, కౌసల్య అందరికీ "క" అనే వస్తుంది. శ్రీనివాస్‌కి "శ". ఎవరూ కంప్లైంట్ చెయ్యరు. కానీ "కృ" అని వేసిన రోజు చూడాలి వాళ్ళ మొహాలు.

తర్వాతి పేజీ. శీర్షిక "పదాలు ముక్కలైపోయాయి". ఒక వ్యాసంలో పదాలు లెక్కపెట్టమంటే రావలసినదానికి ఎన్నో రెట్లు వచ్చింది. పైథాన్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే పదంలో ఉండే అక్షరం అని కదా పాఠం. దానికి "తెలుగు" ఇవ్వండి. త, ల, గ అని మూడు విడి పదాలు ఇస్తుంది. ఎత్వమూ కొమ్ములూ దాని దృష్టిలో అక్షరాలు కావు. జావాస్క్రిప్ట్‌లో అయితే ఇంకా ఘోరం, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకి తెలుగు అసలు కనపడదు. నేను వాడేది మొరటు మందు. చదరపు బ్రాకెట్లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు అని రేంజ్ ఇచ్చి, పక్కన 200సి కూడా పెడతాను. ఆ 200సి ఏమిటో ఇంకాసేపట్లో చెప్తాను.

అంకెలది దీనికి తిరగబడ్డ కథ. పైథాన్‌లో బ్యాక్‌స్లాష్ డీ తెలుగు అంకెల్ని కూడా ఒప్పుకుంటుంది. ౧౨౩ని ఇంట్ చెయ్యమంటే 123 అని ఇస్తుంది, చూస్తే ముచ్చటేస్తుంది. జావాస్క్రిప్ట్ ఒప్పుకోదు. అంటే ఫోన్ నంబర్ తనిఖీ ఒకచోట పాసై ఇంకోచోట ఫెయిలవుతుంది. ఫోన్ నంబరుకి సున్నా నుంచి తొమ్మిది అని రేంజ్ రాసెయ్యండి, గొడవ ఉండదు.

ఇప్పుడు ఎక్సెల్. ఇది మీలో సగం మందికి తగిలే ఉంటుంది. సీఎస్‌వీ ఫైలు నోట్‌ప్యాడ్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది, ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ ఏ, ప్లస్-మైనస్ గుర్తు, ఇలా వరస. ఆ గుర్తులు ఊరికే రావు. తెలుగు గుర్తు ఏదైనా మూడు బైట్లలో మొదటిది ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ. వాటిని పాత విండోస్ పట్టికలో చూసి చదివితే ఆ ఏ, ఆ డిగ్రీ గుర్తు వస్తాయి. కాబట్టి అవి కనపడితే సంతోషించండి, డేటా బతికే ఉంది, చదివేవాడే తప్పు చదువుతున్నాడు.

రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 అని కాకుండా యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి. ఫైలు మొదట్లో మూడు బైట్ల ముద్ర పడుతుంది, ఎక్సెల్ దాన్ని చూసి సరిగ్గా తెరుస్తుంది. బాగుంది కదా? ఆ ముద్రే రెండో జబ్బుకి కారణం. అదే ఫైలుని తిరిగి మామూలు యూటీఎఫ్-8 అని చదివితే, మొదటి కాలమ్ పేరుకి ముందు కనపడని గుర్తు ఒకటి అతుక్కుని వస్తుంది. "పేరు" అనే కాలమ్ కళ్ళెదుట ఉంటుంది, ప్రోగ్రాం లేదంటుంది. ఒకతను నా దగ్గరకి వచ్చి "అన్నా, నా కంప్యూటర్‌కి పిచ్చెక్కింది" అన్నాడు. చదివేటప్పుడు కూడా సిగ్ పెట్టించాను, పిచ్చి కుదిరింది.

ఈ సందర్భంలో నా ఫైలులో అన్నిటికంటే ఎక్కువ వాడిన ఒక లైన్ చూపిస్తాను. పైథాన్‌లో ఆస్కీ అని ఫంక్షన్ ఉంది. అనుమానం వచ్చిన స్ట్రింగ్‌ని దానికిచ్చి ప్రింట్ చెయ్యండి. ప్రతి గుర్తూ నంబరై కనపడుతుంది. కనపడని గుర్తులు కూడా. తెలుగు టెక్స్ట్‌తో పని చేసేటప్పుడు కంటిని నమ్మడానికి లేదు, ముందు ఆస్కీ చేసి చూడాలి.

కంటిని నమ్మకూడదు అనడానికి రుజువు, రాజ్‌కుమార్. జ్ పక్కన కు విడిగా రావాలి కదా. ఊరికే టైప్ చేస్తే పొల్లు తర్వాత క వచ్చింది కాబట్టి ఒత్తు అయిపోతుంది, రాజ్కుమార్ అని. విడదీయడానికి మధ్యలో కనపడని గుర్తు పెడతాం. అదే ఇందాకటి 200సి, జీరో విడ్త్ నాన్ జాయినర్. సాఫ్ట్‌వేర్ అనే మాటలో కూడా ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు, కొన్నిటిలో ఎక్కడో మూల నొక్కాలి. ఫలితం, ఒకే మనిషికి రెండు ఖాతాలు. ఒకే పేరు రెండుసార్లు రాకుండా డేటాబేస్‌లో యూనిక్ ఇండెక్స్ పెట్టినా దొరకడు, ఎందుకంటే మెషీన్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు. పేరుకి అటూ ఇటూ ఉన్న ఖాళీల్ని తీసేసే స్ట్రిప్ కొట్టినా పోదు, అది ఉన్నది మధ్యలో, పైగా స్ట్రిప్‌కి అది ఖాళీ కాదు.

ఈ గుర్తు అంత అమాయకురాలేం కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని పడగొట్టిన తెలుగు అక్షరం గుర్తుందా? "జ్ఞా" అని పేపర్లలో వచ్చింది. మామూలు జ్ఞా రాస్తే ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ 200సి, ఆపైన దీర్ఘం. ఆ వరస మెసేజ్‌లో వస్తే యాప్ మూసుకుపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అంత పెద్ద కంపెనీ టెస్టింగులోనే ఆ వరస తగల్లేదు. అప్పటినుంచి ఆ ఐదు గుర్తులు నా టెస్ట్ మాటల్లో చేరాయి.

మందు ఏమిటంటే, రెండు కాలమ్‌లు పెట్టుకోండి. ఒకటి మనిషి రాసిన పేరు రాసినట్టే, దాన్ని ముట్టుకోవద్దు. ముట్టుకుంటే రాజ్‌కుమార్ గారి పేరు పాడుచేసినవాళ్ళం అవుతాం. రెండోది వెతకడానికి. అందులో ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజ్ చేసి, 200బి, 200సి, 200డి, ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్ అనే నాలుగు కనపడని గుర్తులూ తీసేసి దాచండి. ఎన్‌ఎఫ్‌సీ ఎందుకంటే, ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. చూడ్డానికి ఒకటే. ఎన్‌ఎఫ్‌సీ ఆ రెండిటినీ ఒకే రూపానికి తెస్తుంది.

పీడీఎఫ్‌లో ఒత్తులు ఊడి పక్కన పడటం గురించి త్వరగా చెప్పేస్తాను. ఫాంట్ మార్చి మార్చి అలిసిపోతారు, తప్పు ఫాంట్‌ది కాదు. అక్షరాన్ని కూర్చే పని, షేపింగ్ అంటారు, మీరు వాడే లైబ్రరీ చెయ్యడం లేదు. బొమ్మల మీద అక్షరాలు వేసే పైథాన్ లైబ్రరీ పిల్లో వాడుతుంటే, షేపింగ్ చేసే రాక్మ్ అనేది ఉందో లేదో ఫీచర్స్ డాట్ చెక్‌తో చూడండి. పీడీఎఫ్ అయితే నేను వెధవ పంతాలకి పోకుండా హెచ్‌టీఎంఎల్ తయారుచేసి తెర లేకుండా నడిచే హెడ్‌లెస్ క్రోమ్‌తో ప్రింట్ కొట్టించేస్తాను. బ్రౌజర్లకి తెలుగు కూర్చడం వచ్చు. ఎస్సెమ్మెస్ ఖర్చు ఎందుకు పెరిగిందని అడిగే మేనేజర్ కోసం కూడా ఒక లైను. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 గుర్తులు, తెలుగు ఒక్క గుర్తు కలిసినా మొత్తం మెసేజ్ 70కి పడిపోతుంది, ముక్కలైతే ముక్కకి 67. వెంకటేశ్వర్లు గారు ఒక్కరే 13 తినేస్తారు.

టైము అయిందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: ఇందాక చెప్పారు కదా సార్, ఏ మీద గీత వచ్చినవి బతికే ఉంటాయని. మరి వాటిని వెనక్కి ఎలా తెచ్చుకోవాలి?)

మంచి ప్రశ్న. తప్పు చదివిన పట్టికలోనే తిరిగి బైట్లుగా మార్చి, ఆ బైట్లని యూటీఎఫ్-8గా చదవాలి. పట్టిక పేరు విండోస్ 1252. ఇక్కడ తెలుగువాళ్ళకి గట్టిగా తగిలే రాయి ఒకటుంది. పొల్లు మూడో బైటు 8డీ. సరిగ్గా ఆ గడి 1252 పట్టికలో ఖాళీ. మన భాషలో పొల్లు లేని లైను ఎక్కడుంటుంది చెప్పండి? పైథాన్ అక్కడ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఎఫ్‌టీఎఫ్‌వై అని లైబ్రరీ ఉంది, అందులో "స్లాపీ విండోస్ 1252" అని ఆ ఖాళీ గడుల్ని చూసీచూడనట్టు వదిలేసే రకం ఉంది. అది వాడండి.

(ప్రశ్న: మా దగ్గర మైఎస్‌క్యూఎల్‌లో పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి సార్. అవి కూడా అలాగే తెచ్చుకోవచ్చా?)

ఆ డేటాబేస్ టేబుల్ లాటిన్1లో, అంటే తెలుగు గుర్తులు పట్టని పాత పట్టికలో ఉందా? ఉందనుకున్నాను. వెర్షన్ 8 రాకముందు ఏమీ చెప్పకపోతే అదే పెట్టేది. యూటీఎఫ్8 అని పెట్టుకున్నవాళ్ళకి కూడా పూర్తిగా సుఖం లేదు, అందులో మూడు బైట్లదాకానే పడుతుంది. తెలుగు సరిపోతుంది, ఎవరో పేరు పక్కన దణ్ణం ఇమోజీ పెట్టిన రోజు ఎర్రర్ వస్తుంది, దానికి నాలుగు కావాలి. ఎప్పుడూ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోండి. మీ సంగతికి వస్తే, అవి తిరిగి రావు తమ్ముడూ. ఇప్పుడు అక్కడ ఉన్నవి నిజంగా ప్రశ్నార్థకాలే. గుర్తుకొకటి చొప్పున పడి ఉంటాయి, పదమూడు ఉంటే పదమూడు గుర్తుల పేరన్నమాట. వేరే జాబితా ఏదైనా దొరికితే పోల్చుకోడానికి పనికొస్తుంది. బ్యాకప్ ఉందా?

("ఉంది సార్. అందులోనూ ప్రశ్నార్థకాలే.")

ఎంతమంది?

("నాలుగొందల మంది దాకా.")

ఫోన్ నంబర్లు అంకెలే కాబట్టి అవి చెక్కుచెదరకుండా ఉంటాయి. ముందు టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చండి, కనెక్షన్‌లో కూడా అదే పెట్టండి, "స్త్రీ" అని ఒక వరస ఇన్సర్ట్ చేసి తిరిగి చదివి చూడండి. సరిగ్గా వస్తే, ఇక రేపు ఉదయం నుంచి ఒక్కొక్కరికి ఫోన్ చేసి పేర్లు అడగడం మొదలుపెట్టండి. సాయంత్రం చేస్తే ఎత్తరు.